గోటికి తగిలిన గాటు

మామగారు చేతులు కడుక్కుని కూర్చున్నారు.

ఇదేం విశేషమా అంటే, ఆ షెడ్డులో విశేషమే. కోడలు ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచీ చూస్తోంది, ఆయన గోళ్ళ సందుల్లో గ్రీజు పుట్టుమచ్చలా ఉండిపోయేదే తప్ప ఏ సబ్బుకూ లొంగేది కాదు. ఇవాళ మాత్రం పొద్దున్నే పీచు పెట్టి రుద్దుకుని, గోడవారగా వేసిన పాత కారు సీటు మీద, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు. ఆ శుభ్రమైన చేతులు చూస్తే కోడలికి ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేక స్పానరు అందుకుంది.

ఎదురుగా పళ్ళ డాక్టరు గారి కారు బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. పాతకాలపు బండి. గుండ్రటి దీపాలు, వెన్నపూస రంగు ఒళ్ళు. డాక్టరు గారి తండ్రి నడిపినది. ఆ రోజుల్లో ఒకసారి సామాను దొరక్క ఈ షెడ్డులోనే చాలాకాలం పడి ఉంటే, మామగారే ఏవో తంటాలు పడి నడిపించారట. ఆ కృతజ్ఞత డాక్టరు గారికి ఇప్పటికీ ఉంది. అందుకే ఇంజను మొత్తం విప్పి కట్టే పని మళ్ళీ ఆయనకే అప్పగించారు. కట్టి నెల తిరగలేదు. ఎల్లుండి పాత కార్లవాళ్ళందరూ వరుసగా కొండ మీదికి వెళ్తున్నారు. నిన్న సరదాగా మొదటి మలుపు దాకా వెళ్ళి చూద్దామనుకుంటే, ఎత్తు కనబడగానే బండి ఆయాసపడి నిలబడిపోయింది.

"బతిమాలాను, తిట్టాను, దిగి తోశాను కూడా," అన్నారు డాక్టరు గారు. "మేస్త్రి గారు కట్టిన ఇంజను ఇలా చేస్తుందని కలలో కూడా అనుకోలేదమ్మా."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నారు. గుమ్మంలో నిలబడిన ఆడపడుచు మాత్రం ఆ మాట కోసమే కాచుకున్నట్టు తలెత్తింది. మామగారి పెద్దకూతురు ఆమె, ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోయి పడుకోకుండా నేరుగా ఇక్కడికే వచ్చింది. మెడలో గుర్తింపు కార్డు పక్కన చిన్న తాళంచెవి వేలాడుతోంది. అది మామగారి పనిముట్ల బీరువాది.

ఆ తాళంచెవి అక్కడికి చేరడానికి కారణం మామగారి కళ్ళు. ఆయన చూపుకు నడిమధ్య మసక కమ్మింది. సూటిగా చూసింది కనబడదు, అంచుల్లో ఉన్నది కనబడుతుంది. అందుకే ఏదైనా చూడాలంటే కోడిలా తల ఓరగా పెడతారు. అద్దాలతో బాగయ్యేది కాదని కంటి డాక్టరు చెప్పేశాడు. పోయిన వానల్లో, తిరుగుతున్న ఇంజను ఫ్యానులోకి ఆయన చొక్కా చెయ్యి పోయింది. చొక్కా చిరిగింది కాబట్టి సరిపోయింది, లేకపోతే చెయ్యే పోయేది. ఆ పూట కూతురు అక్కడే ఉంది. వేళ్ళు తెగి వచ్చినవాళ్ళకు రోజూ కట్లు కట్టే మనిషి. అప్పటి నుంచి ఒకటే పట్టు, నాన్న ఇక స్పానరు పట్టడానికి వీల్లేదని. ఆయన వింటేగా! తండ్రీ కూతుళ్ళది ఒకే మొండితనం, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పక్కర్లేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. డాక్టరు గారి ఇంజను ఆయన ఒక్కరే కట్టాలి, కోడలు వేలు పెట్టకూడదు. అది బాగా నడిస్తే కూతురు మళ్ళీ నోరెత్తదు. ఆయన పని చెడి బండి తిరిగొస్తే బీరువాకు తాళం, ఇక షెడ్డులో పని లేదు. "సరే" అన్నది ఆయనే. నిన్న బండి తిరిగి రాగానే ఎవరూ అడగకుండా బీరువాకు తాళం వేసి, చెవి తీసి కూతురి చేతిలో పెట్టిందీ ఆయనే.

"ఇంకా ఏమీ తేలలేదు వదినా," అంది కోడలు. "బండి లాగకపోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. నన్ను చూడనివ్వండి."

"చూడమనే వచ్చాను. తప్పు ఇంకెవరిదో అయితే ఈ తాళంచెవి నా చేతుల్తో నేనే నాన్నకిస్తాను. నాన్నదే అయితే మాత్రం నువ్వు దాచకూడదు. మామగారి మీద నీకెంత ప్రేమో నాకు తెలుసు."

"దాచను," అంది కోడలు.

ఆమె అప్పటికే ఒకటి దాచింది మరి.

ఏడాదిగా ఆ షెడ్డులో ఎర్రచుక్కలు పెరుగుతున్నాయి. ఎప్పుడో ముచ్చటపడి కొన్న గోళ్ళరంగు అది. గ్రీజులో మునిగే గోళ్ళకు రంగెందుకని ఇంట్లో బీరువాలో పడేసింది. భర్తకు ఇంజను ఆయిలు వాసనే గిట్టదు, కుట్టుమిషను పెట్టుకుని హాయిగా ఉన్నాడు. మామగారి విద్య పట్టుబడింది ఆమెకే. ఆయన ఒక స్పానరు కోసం నాలుగు తీసి పెట్టడం చూసి, ఒకరోజు ఆయన అటు తిరిగినప్పుడు ఎక్కువగా వాడేవాటి మీద ఎర్రచుక్క పెట్టింది. తర్వాత గాలి మిషను మీట మీద, తర్వాత జాకీ మీద, బీరువా తాళం కన్నం పక్కన. ఎరుపు ఆయన చూపు అంచుల్లో కూడా పట్టుకుంటుంది. ఆయన ఎన్నడూ అడగలేదు, ఆమె ఎన్నడూ చెప్పలేదు. తన సౌకర్యం కోసం పెట్టుకుందని అనుకుంటున్నారులే అని సర్దిచెప్పుకుంది.

డాక్టరు గారి ఇంజను కడుతున్నప్పుడు మాట తప్పింది. ఇంజను ముందుభాగంలో రెండు పళ్ళచక్రాలుంటాయి, వాటిని కలుపుతూ చైను. ఒక చక్రం పిస్టన్లతో పాటు తిరుగుతుంది. రెండోది వాల్వులను, అంటే ఇంజనులోకి గాలి వచ్చే తలుపులూ పోయే తలుపులూ తెరిచి మూస్తుంది. రెండింటి మీదా తయారుచేసినవాళ్ళు పొడిచిన చిన్న గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా ఉంటేనే తలుపులు వేళకు తెరుచుకుంటాయి. ఆవగింజంత గుర్తులు. అవి ఆయనకు కనబడవని ఆమెకు తెలుసు. కడిగిన సామాను పళ్ళెంలో ఆరబెట్టి ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, దొంగలా వచ్చి రెండు గుర్తుల మీదా రెండు ఎర్రచుక్కలు పెట్టి పోయింది. అంతే. ఇంకెక్కడా వేలు పెట్టలేదు.

అందుకే ఇవాళ ఆమె అన్నిటినీ అనుమానించింది గానీ ఆ చైనును అనుమానించలేదు. అది తప్పే వీల్లేదు. చుక్కలు తనే పెట్టింది కదా!

ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పింది. బ్యాటరీ నిండుగా ఉందో లేదో చూసింది. డాక్టరు గారిని డ్రైవరు సీట్లో కూర్చోబెట్టింది.

"యాక్సిలరేటరు అడుగు దాకా తొక్కి పట్టుకోండి. నేను అన్నప్పుడు తాళం తిప్పండి. కార్బురేటరు నోరు పూర్తిగా తెరిచి ఉండాలి, లేకపోతే గాలి అందక లెక్క తప్పు చూపిస్తుంది."

"నోరు పూర్తిగా తెరవమని చెప్పడం నాకు అలవాటేనమ్మా," అన్నారు డాక్టరు గారు. ఎవరూ నవ్వలేదు. పాపం ఆయన కూడా నవ్వలేదు.

మొదటి ప్లగ్గు కన్నంలో కంప్రెషన్ గేజి బిగించింది. పిస్టన్ పైకి వస్తూ లోపలి గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో చెప్పే సాధనం అది. మామగారు దాన్ని ఎన్నడూ ముట్టుకోలేదు. ప్లగ్గు కన్నం మీద బొటనవేలు పెట్టి, ఇంజను తిప్పించి, వేలిని ఎంత జోరుగా తన్నిందో చూసి చెప్పేసేవారు. "గేజి తప్పు చెప్తే గేజి మార్చాలి, వేలు తప్పు చెప్తే మనిషినే మార్చాలి," అని పరాచికాలాడేవారు.

"తిప్పండి."

ముల్లు గంతులేస్తూ పైకి వెళ్ళి నూటపదిలో ఆగింది. నూటయాభై ఉండాలి. కోడలు గేజి విప్పి రెండో సిలిండరుకు బిగించింది. ఈ ఇంజనులో వాల్వులు సానపట్టింది బయటి లేత్ షాపువాడు. ఏదో ఒక సిలిండరులో వాల్వు సరిగ్గా కూర్చోకపోతే తప్పు వాడిది. ఇంజను పైమూత హెడ్డు, దాని కింద పరిచే గాస్కెట్ రేకు కాలి ఉంటే పక్కపక్కనున్న రెండు సిలిండర్లు పడిపోతాయి, అప్పుడు తప్పు సామానుది. ఆ రెంటిలో ఏదో ఒకటి కావాలని ఆమె మనసులో మొక్కుకుంటూనే ఉంది.

రెండోది నూటపది. మూడోదీ అంతే. నాలుగోది కూడా ఒక పిసరు అటూ ఇటూ అంతే.

నాలుగు సిలిండర్ల వాల్వులూ ఒకేలా చెడవు. గాస్కెట్ నాలుగింటినీ సమానంగా పంచుకుని కాలదు. నాలుగూ ఒకే తీరున నీరసపడ్డాయంటే, వాటి పిస్టన్ల చుట్టూ గాలి పోకుండా రింగులు తొడిగిన చెయ్యి ఒకటే.

"ఏంటి?" అంది ఆడపడుచు.

"తక్కువుంది. నాలుగింట్లోనూ."

"అంటే?"

"రింగులు కావచ్చు."

"రింగులు ఎవరు వేశారు?"

అందరికీ తెలిసినదానికి జవాబెందుకు? గోడవార కూర్చున్న మామగారు తన కుడిచేతి బొటనవేలిని ఎడమ అరచేతిలో పెట్టి నెమ్మదిగా రుద్దుకుంటున్నారు.

ఆయిలు డబ్బా తీసింది. రింగులు గాలిని వదిలేస్తుంటే, సిలిండరులో చెంచాడు ఆయిలు పోస్తే అది రింగుల సందులను కాసేపు పూడుస్తుంది, ముల్లు ఎగబాకుతుంది. ఆమె ఒక్కో కన్నంలో ఆయిలు పోసింది. మళ్ళీ గేజి, మళ్ళీ "తిప్పండి". ముల్లు వెళ్ళి వెళ్ళి అదే చోట ఆగింది. ఇంకో సిలిండరు, అదే చోటు. నాలుగూ చూసి లేచి నిలబడింది.

"రింగులు కావు," అంది. ఆ మాట అరిచినట్టే వచ్చింది. "మామయ్యా, రింగులు బాగున్నాయి!"

మామగారు తల ఊపారు. సంతోషం మాత్రం ఆయన ముఖంలో కనబడలేదు. కోడలికి అది నచ్చలేదు. ఇంకా ఏదో ఉందని ఆయనకు ముందే తెలిసినట్టుంది.

"గాలి పెట్టి చూస్తాను," అంది. డాక్టరు గారి చేత బండిని గేరులో పెట్టించి, బ్రేకు తొక్కించి, పిస్టన్ పైకి తెచ్చి, ప్లగ్గు కన్నం గుండా గాలి మిషను పైపు బిగించింది. ఎర్రచుక్క ఉన్న మీట తిప్పింది. లోపలికి పోయిన గాలి ఎక్కడి నుంచి కారుతోందో వినాలి. కార్బురేటరులో బుసకొడితే గాలి వచ్చే వాల్వు, సైలెన్సరులో అయితే పోయే వాల్వు, ఆయిలు పోసే మూతి దగ్గరైతే రింగులు, రేడియేటరులో బుడగలొస్తే గాస్కెట్. ఆమె ఒక చెవి అక్కడా ఒక చెవి ఇక్కడా ఆనించింది. వీధిలో బళ్ళ మోత, రేకు కప్పు మీద పిట్టల గోల, ఏదీ తెలియలేదు.

ఆడపడుచు గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. సంచిలోంచి స్టెతస్కోపు తీసింది.

"జరుగు," అంది.

కోడలు జరిగింది. ఆ మనిషి చెవులకు గొట్టాలు తగిలించుకుని, రోగి వీపు మీద పెట్టినంత పద్ధతిగా, కార్బురేటరు మూతి మీద పెట్టి విన్నది. వెనక్కి నడిచి, వంగి, సైలెన్సరు దగ్గర విన్నది. ఆయిలు మూతి దగ్గర చాలాసేపు ఉంది. నాన్న ఓడిపోవాలని కోరుకునే మనిషి వినే తీరు కాదది. కోడలు ఆ సంగతి అప్పుడే గమనించి, ఇన్నాళ్ళూ వదినను ఏమనుకుందో తలుచుకుని సిగ్గుపడింది.

"ఎక్కడా ఏమీ లేదు," అంది ఆడపడుచు గొట్టాలు తీసేస్తూ. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి."

"మరి లోపలి గాలి బయటికి పోకపోతే బలం ఎందుకు రావడం లేదు?" అని కిటికీలోంచి తల బయటపెట్టి అడిగారు డాక్టరు గారు.

అప్పుడు మామగారు, పొద్దుటి నుంచి మొదటిసారి, నోరు విప్పారు.

"పోవడం లేదంటే, నిండా పట్టడమే లేదన్నమాట డాక్టరు గారూ. తలుపు మూసుకోవాల్సిన వేళ దాటాక మూసుకుంటే, పీల్చిన గాలి వచ్చిన దారినే కొంత వెనక్కి పోతుంది." కాస్త ఆగి, "చైను చూడు అమ్మాయ్," అన్నారు.

"అది అయ్యుండదు మామయ్యా."

"ఎందుకు అవదు?"

చైను కట్టింది ఆయన. అక్కడ తప్పుంటే ఇంకెవరి మీదికీ నెట్టే దారి లేదు. తన మెడకు తనే తాడు చూపిస్తున్నట్టు ఆయన చూపిస్తుంటే, ఈవిడేమో కాదంటోంది.

"ముందు పైన చూస్తాను," అని వాల్వుల మీది మూత విప్పింది. స్పానరు పెట్టి ఇంజనును చేత్తో తిప్పుతూ, పిస్టన్ సరిగ్గా పైకి వచ్చిన చోట ఆపింది. అక్కడ ఒక వాల్వు మూసుకుంటూ, దాని జంట తెరుచుకుంటూ ఉండాలి. ఇక్కడ మూసుకోవాల్సినది ఇంకా తీరిగ్గా తెరుచుకునే ఉంది. తెరుచుకోవాల్సినది నిద్రే లేవలేదు.

ఇక దాచడానికేం లేదు. ఇంజను వేళ తప్పింది.

"నాన్న పనేనా?" అంది ఆడపడుచు. గొంతులో గెలుపు లేదు, అలసట ఉంది.

"విప్పితే గానీ తెలియదు," అంది కోడలు.

విప్పడం ఒక పట్టాన తెమిలే పని కాదు. నీళ్ళు వదిలి, రేడియేటరు దించి, ఫ్యాను తీసి, బెల్టు తీసి, ముందు పుల్లీ లాగేసరికి ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. డాక్టరు గారు చొక్కా చేతులు మడిచి, విప్పిన బోల్టులన్నీ తన పనిముట్లలాగే పళ్ళెంలో వరుసగా పేర్చారు. ఆడపడుచు టీ తెచ్చింది, ఎవరూ తాగలేదు. చివరి బోల్టు వదులు చేస్తున్నప్పుడు కోడలికి ఒకటే ఆలోచన. చుక్కలు ఎదురెదురుగా లేకపోతే? ఎరుపు కూడా ఆయనకు కనబడలేదంటే?

మూత ఊడి వచ్చింది.

రెండు ఎర్రచుక్కలు, మచ్చ లేకుండా, ఎదురెదురుగా ఉన్నాయి.

"కుదిరాయి!" అనబోయి ఆగిపోయింది. కుదిరితే మరి వేళ ఎందుకు తప్పింది?

"ఈ ఎరుపేంటి?" అంది ఆడపడుచు భుజం మీదుగా చూస్తూ. "ఇవి గుర్తులా? రెండూ ఎదురుబొదురుగానే ఉన్నాయిగా."

కోడలు గుడ్డ తీసుకుని పై చక్రాన్ని తుడిచింది. తుడుస్తుంటే చూపుడువేలి గోరు దేనికో తట్టుకుంది. చక్రం అంచున, ఎర్రచుక్కకు సరిగ్గా ఒక పన్ను అవతల, సన్నటి గాటు. పొడిచిన గుర్తు కాదు, ఆకురాయితో చేత్తో కోసినది. ఏళ్ళ తరబడి ఆయిల్లో నాని అంచులు నున్నబడ్డాయి. కంటితో చూస్తే గీతలా కూడా అనిపించదు. గోటికి మాత్రం తప్పకుండా తగులుతుంది.

ఆమెకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. సామాను దొరక్క బండి పడి ఉన్న రోజులు. ఈ చక్రం ఈ బండిది కాదు, ఇంకేదో రకం బండిది తెచ్చి వేశారు. దాని మీద పొడిచిన గుర్తు ఈ ఇంజనుకు ఒక పన్ను తేడా. అందుకే అప్పుడే ఆయన సొంత గాటు పెట్టుకున్నారు. చక్రం మీద రెండు గుర్తులున్నాయి, ఒకటి తప్పుది, ఒకటి ఒప్పుది. ఈ మహాతల్లి వెళ్ళి తప్పు గుర్తుకు ముచ్చటగా బొట్టు పెట్టి వచ్చింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది.

ఈ సంగతి ఇప్పుడు ఆమెకొక్కదానికే తెలుసు. "గుర్తు ఒక పన్ను తప్పింది" అని, చైను జరిపి, మూత వేసేస్తే చాలు. ఎవరూ ఏమీ అడగరు. తాళంచెవి వదిన మెడలోనే ఉండిపోతుంది, మామగారు రేపటి నుంచి ఈ శుభ్రమైన చేతులతో గోడవార కూర్చుంటారు. చెప్పాలంటేనో, ఒప్పందం మీరి వేలు పెట్టానని చెప్పాలి. అంతకంటే పెద్దది ఇంకొకటి చెప్పాలి. ఏడాదిగా మీకు కళ్ళు కనబడవని నిశ్చయించుకుని, మీ వెనక నేను చుక్కలు పెడుతున్నాను మామయ్యా అని, అందరి ముందూ, ఆయన ముఖం మీద చెప్పాలి. ఆయన పరువు నిలబెట్టాలంటే ముందు తన చేత్తోనే తీయాలి. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

"వదినా," అంది. "తప్పు నాది."

ఆడపడుచు ముఖం బిగుసుకుంది. "చూశావా, ఇదే వద్దన్నాను. ఆయన మీది ప్రేమతో నెత్తిన వేసుకోకు."

"ప్రేమతోనే చేశాను. అదే తప్పు." ఆమె ఆడపడుచు చెయ్యి పట్టుకుని చక్రం దగ్గరికి తెచ్చి, వేలి గోరును గాటు మీద ఆనించింది. "ఇది మామయ్య గుర్తు. అసలు గుర్తు ఇదే. ఈ ఎర్రచుక్కలు నావి. ఆయనకు కనబడదేమోనని, ఆయన లేనప్పుడు పెట్టాను. తప్పు చోట పెట్టాను. షెడ్డులో ఉన్న చుక్కలన్నీ నావే. ఆయన కళ్ళను నమ్మక పెట్టినవే."

చివరి మాట అనేటప్పుడు మామగారి వైపు చూడలేకపోయింది. డాక్టరు గారు పళ్ళెంలోని బోల్టులను ఎంతో శ్రద్ధగా సర్దసాగారు.

"తెలుసు," అన్నారు మామగారు.

కోడలు తలెత్తింది.

"చుక్కల సంగతి తెలుసమ్మాయ్. ఏడాది నుంచీ తెలుసు. కళ్ళు పోతున్నవాడికి కొత్తగా వచ్చిన ఎరుపు తెలియదా? నాకోసమేనని కూడా తెలుసు. అడిగితే నువ్వు సిగ్గుపడతావని ఊరుకున్నా."

"మరి ఈ గాటు?" అంది ఆడపడుచు. "గాటు సంగతి మర్చిపోయావా నాన్నా?"

"నేను కోసిన గాటు నేను మర్చిపోతానా?" ఆయన గొంతు మొదటిసారి లేచింది. వెంటనే తగ్గింది. "చైను వేసేటప్పుడు గోటికి తగిలింది. తగిలిందని తెలిసింది కూడా. అక్కడికే తిప్పాను. తీరా చూస్తే అమ్మాయి చుక్క పక్క పన్ను మీద ఉంది. అది చూసి పెట్టింది, దానివి మంచి కళ్ళు. నాకా, పొద్దున లేస్తే నువ్వు చెప్పేది ఒకటే, నీకు కనబడదు నాన్నా, నీకు తెలియదు నాన్నా అని. కళ్ళతో పాటు గోరు కూడా పోయిందేమో అనుకున్నా. గాటు వదిలేసి చుక్కకు తిప్పాను." బొటనవేలు చూసుకున్నారు. "కట్టాక వేలు పెట్టి చూశాను. తన్ను చాలలేదు. ఇదీ చెప్పింది. దీన్నీ నమ్మలేదు."

ఆడపడుచు మెడలోని తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"భయపడి అన్నాను నాన్నా," అంది. "నీ చెయ్యి పోతుందని భయపడి."

"తెలుసులే. నువ్వు భయపడకపోతే ఇంకెవరు భయపడతారు?" ఆయన లేచి నిలబడ్డారు. బండి వైపు ఒక అడుగు వేసి, మళ్ళీ ఆగి, కూతురిని అడిగారు. "చెయ్యి పెట్టొచ్చా?"

జీవితమంతా ఆ షెడ్డులో ఒకరిని అడగకుండా చెయ్యి పెట్టిన మనిషి. ఆ అడగడం వినలేక కోడలు ముఖం తిప్పుకుంది.

"పెట్టు నాన్నా," అంది ఆడపడుచు.

ఆయన కళ్ళు మూసుకున్నారు. చైను జార్చి, పై చక్రాన్ని అటూ ఇటూ కదుపుతూ, ఎడమ బొటనవేలి గోరును అంచు వెంబడి నడిపించారు. ఎర్రచుక్క మీదుగా గోరు ఆగకుండా పోయింది. ఒక పన్ను అవతల ఆగింది. అక్కడే ఉంచి, కుడిచేత్తో చైను ఎక్కించారు. అప్పటికే ఆ చేతులు మోచేతుల దాకా నల్లబడ్డాయి.

"ఒక పన్ను తేడాకి ఇంత బాధా?" అన్నారు డాక్టరు గారు.

"ఆ మాట మీరు అనకూడదు డాక్టరు గారూ," అన్నారు మామగారు. ఈసారి అందరూ నవ్వారు, కానీ గేజి ఇంకా మాట్లాడలేదు కాబట్టి ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

బిగించాల్సినవి బిగించి, కోడలు గేజి పెట్టింది. డాక్టరు గారు మళ్ళీ సీట్లో కూర్చుని యాక్సిలరేటరు తొక్కారు. ఆమె "తిప్పండి" అనలేక, చెయ్యి ఊపింది. ముల్లు ఒక గంతులో సగం దాటింది. ఇంకో గంతుకు నూటపది దాటింది. ఇంకా పోయింది. నూటయాభై మీద కాస్త ఊగి, అక్కడే నిలబడింది. రెండోదీ మూడోదీ అలాగే. ఆడపడుచు వంగి ఆ అంకెలను కళ్ళారా చూసింది.

నాలుగోదానికి గేజి బిగించబోతుంటే మామగారు వద్దన్నారు. కన్నం మీద తన బొటనవేలు గట్టిగా పెట్టారు.

"తిప్పండి."

ఇంజను ఒక చుట్టు తిరిగింది. ఫట్టుమని ఆయన వేలిని విసిరికొట్టింది. ఆయన మళ్ళీ పెట్టారు, అది మళ్ళీ విసిరికొట్టింది. ఎర్రబడిన వేలిని చాలాసేపు చూసుకున్నారు, సూటిగా కాదు, తల ఓరగా పెట్టి.

ఆడపడుచు మెడలోంచి తాళంచెవి తీసింది.

"ఒక షరతు," అంది. "తిరిగే ఇంజను దగ్గరికి నువ్వు రాకూడదు."

"ఆగి ఉన్న ఇంజను నాది, తిరిగే ఇంజను అమ్మాయిది. సరేనా?"

"సరే." తాళంచెవి ఆయన అరచేతిలో పెట్టింది. గ్రీజు అంటుకున్న తన వేళ్ళను తుడుచుకోలేదు.

మామగారు బీరువా దగ్గరికి నడిచారు. తాళం కన్నం పక్కన కోడలు పెట్టిన ఎర్రచుక్క నిన్న తాళం వేసేటప్పటి దాకా ఉంది. ఇప్పుడు లేదు, ఎవరో గీకేసినట్టుంది. ఎవరో ఏమిటి, ఆ గీతలు మామగారి గోటివే. ఆయన తాళంచెవిని కన్నానికి ఆనించారు. అది రేకుకు తగిలి జారింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పక్కకు పోయింది. ఇనుము మీద ఇనుము గీసిన చప్పుడు షెడ్డంతా వినబడింది.

ఆడపడుచు ఒక అడుగు ముందుకు వేయబోయి, తనంతట తనే ఆగిపోయింది. కోడలు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుంది.

మామగారు తాళంచెవిని తీసి, బొటనవేలి గోటితో కన్నం అంచును తడిమారు. గోరు ఉన్నచోటే చెవిని ఆనించి తోశారు. బీరువా తెరుచుకుంది.

"పన్నెండో నంబరు స్పానరు ఎక్కడ పెట్టావమ్మాయ్?" అన్నారు లోపలికి చెయ్యి పెట్టి. "వద్దు, చెప్పకు. నేనే చూసుకుంటా."